అలసిన గుండె – ముల్లుకర్ర

గుండెను గురించి మన భాషలో ఉన్నన్ని పలుకుబడులు మరి దేనిని గురించీ లేవేమో! గుండె జారుతుంది, గుండె చెరువవుతుంది, గుండె రాయి చేసుకొంటాము, గుండె నిబ్బరం గలవానిని మెచ్చుకొంటాము. ఈ మాటల సొగసును తరగతిలో వివరించడమే మా వృత్తి. అయితే గుండె అన్నది రేయింబవళ్లు విశ్రాంతి లేక పనిచేసే ఒక కండ అనీ, అదీ అలసిపోగలదనీ మేము గ్రహించినది పుస్తకాలలో కాదు. కోటబొమ్మాళిలోని మా ఇంట, ఒక చలికాలపు రాత్రి.

ఆ రాత్రి మా అబ్బాజాన్ పడుకోలేక లేచి కూర్చున్నారు. యౌవనంలో కవిటి, సోంపేట ప్రాంతాలలో దర్జీపని చేసి, పిదప కోటబొమ్మాళిలో సొంతంగా కుట్టుమిషను పెట్టుకొని, మమ్మల్ని ఎం.ఏ. దాకా చదివించిన మనిషి. నడుము వాలిస్తే ఊపిరాడదు. కాళ్లు వాచాయి. చేతులు మంచువలె చల్లబడ్డాయి. 108 వాహనంలో జాతీయ రహదారి మీదుగా శ్రీకాకుళంలోని ఒక ఆసుపత్రికి చేర్చేసరికి రక్తపోటు బాగా పడిపోయింది. గుండె రక్తాన్ని ముందుకు నెట్టలేకపోవడం వల్ల వెనుక ఊపిరితిత్తులలో నీరు చేరిందని డాక్టరుగారు చెప్పారు. గుండె చెరువైనదన్న మాటకు ఇంతటి కఠినమైన అర్థం కూడా ఉండగలదని మాకు అప్పుడే తెలిసింది.

ఆయాసంతో వచ్చిన ప్రతివారికీ గుండెను బలంగా ముడుచుకొనేటట్లు చేసే మందు ఇవ్వరట. చాలామందికి ప్రాణవాయువూ, నీరు తీసే ఇంజక్షనూ సరిపోతాయి. రక్తపోటు పడిపోయి, మూత్రపిండాలకూ మెదడుకూ రక్తం చాలనప్పుడే డోబుటమిన్ వంటి మందు అవసరమవుతుంది. 1975లో అమెరికా శాస్త్రజ్ఞులు లోకానికి తెలిపిన ఈ మందును చిన్న యంత్రం ద్వారా చుక్కచుక్కగా రక్తనాళంలోకి ఎక్కిస్తారు. అది గుండె కండలోని కణాలలో కాల్షియం కదలికను పెంచుతుంది. దానితో కండ గట్టిగా ముడుచుకొంటుంది. ఆపిన కొద్ది నిమిషాలకే దాని ప్రభావం తరిగిపోతుంది.

తెల్లవారేసరికి అబ్బాజాన్ చేతులు వెచ్చబడ్డాయి. మూత్రం రాసాగింది. అది చూసి మా అమ్మీజాన్, "డాక్టరుగారూ, ఈ మందేదో ఇంటికి కూడా రాసివ్వండి బాబూ, మీకు పుణ్యముంటుంది" అని చేతులు జోడించింది. మా మనసులోని కోరికా అదే.

ఆయన చిన్నగా నవ్వి, "మాస్టారూ, మీది నారాయణవలస సంత దగ్గరే కదా, ఎడ్లను చూసి ఉంటారు. బరువు లాగలేక ఎద్దు మెట్ట మీద నిలబడిపోయిందనుకోండి. ముల్లుకర్రతో పొడిస్తే నాలుగడుగులు వేస్తుంది. అంతమాత్రాన దాని కడుపులోకి గడ్డి పోయినట్లా? రోజల్లా పొడిస్తే కూలిపోతుంది. ఆ నాలుగడుగుల లోపల మనం బండి మీది బరువు దించాలి" అన్నారు.

ఇది ఉపమానం మాత్రమే కాదు. మిల్రినోన్ అనే ఇటువంటి మందునే బిళ్లలుగా దీర్ఘకాలం ఇచ్చి, 1088 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 1991లో వెలువడ్డాయి. మందు పుచ్చుకొన్నవారిలో మరణాలు 28 శాతం ఎక్కువ! అలసిన కండను అదిలించేకొద్దీ దానికి ప్రాణవాయువు మరింత కావలసి వస్తుంది. లయ తప్పే ప్రమాదమూ పెరుగుతుంది. అబ్బాజాన్‌కు ఆ మందు రెండు రోజులే నడిచింది. ఆ వ్యవధిలో నీరు తీసి, బరువు దించారు.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన బిళ్లలలో డిగాక్సిన్ ఒకటి. రోజుకు అర బిళ్ల. దీని పూర్వకథ ఆసక్తికరమైనది. ఇంగ్లండులో ఒక వృద్ధురాలు నీరుపట్టిన వారికి రహస్యంగా ఇచ్చే మూలికల మందులో అసలు గుణం ఫాక్స్‌గ్లవ్ ఆకుదేనని విలియం విథరింగ్ అనే వైద్యుడు కనిపెట్టి, 1785లో గ్రంథం రాశాడు. ఆ జాతి మొక్క నుండే 1930లో డిగాక్సిన్‌ను వేరుచేశారు. ఇటువంటి గుణమే మన దొడ్లలోని పచ్చగన్నేరుకూ ఉన్నది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్వామి, వేంకటరావు అనే శాస్త్రజ్ఞులు ఆ గింజల పప్పు నుండి పెరువోసైడ్ అనే పదార్థాన్ని వేరుచేసి 1958లో ప్రకటించారు. ఢిల్లీ వైద్యులు దానిని గుండె రోగులపై పరీక్షించి, 1970లో బ్రిటిష్ వైద్య పత్రికలో ఫలితాలు ప్రచురించారు. అది నేడు వాడుకలో నిలువలేదు. ఔషధానికీ విషానికీ నడుమ సందు అంత ఇరుకు. గన్నేరు ఏ భాగమైనా కషాయం పెట్టి తాగదగినది కాదని విద్యార్థులు గట్టిగా గుర్తుంచుకోవాలి.

ఇంత చదివిన మేమే పొరపాటు చేశాము. "అర బిళ్లతో ఏం బలం వస్తుంది బేటా?" అని అబ్బాజాన్ అడిగితే, మా చేతులతోనే నిండు బిళ్ల అందించాము. పది రోజులకు అన్నం సహించలేదు, వాంతులు. ఒకనాడు మిషను ముందు కూర్చొని, "ఈ తెల్లగుడ్డకు పసుపు ఎవరు పూశారు?" అన్నారు. గుడ్డ మల్లెపూవులా ఉన్నది. మా గుండె గుభేలుమన్నది. నాడి చూస్తే మందగించి, లయ తప్పి కొట్టుకొంటున్నది.

డిగాక్సిన్ ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. అబ్బాజాన్ మూత్రపిండాలు అప్పటికే కొంత దెబ్బతిన్నాయి కాబట్టే డాక్టరుగారు అర బిళ్ల అన్నారు. బయటికి పోవలసిన మందు లోపలే పేరుకొన్నది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్లయింది. వెంటనే ఆపించి, ఆసుపత్రిలో ఉంచి కాపాడారు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఇంటింటి గోడు. దాని మూలకారణం పూర్తిగా తేలనే లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అటువంటి నేల మీద పక్కింటివారి గుండె బిళ్ల తెచ్చి వేసుకోవడం, మోతాదు మనమే పెంచుకోవడం ఎంత ముప్పో వేరే చెప్పాలా? డిగాక్సిన్‌పై 6800 మందితో జరిగిన పరీక్ష 1997లో తేల్చినది కూడా గమనింపదగినది: ఆ మందు ఆసుపత్రిలో చేరవలసిన అవసరాన్ని తగ్గించినది గాని, మరణాలను తగ్గించలేదు.

ఆ తరువాత అబ్బాజాన్ రెండేళ్ల నాలుగు నెలలు మాతో ఉన్నారు. మా చెల్లెలి పెండ్లి బట్టలు ఆయనే కుట్టారు. చివరిసారి మళ్లీ ఆ చుక్కల మందే పెట్టారు; ఈసారి ఎద్దు కదలలేదు. అయినా ఆ మందును మేము నిందించము. మొదటిసారి అది మాకిచ్చినది నాలుగడుగుల వ్యవధి. బరువు దించవలసిన బాధ్యత మనుషులది. విద్యార్థి మిత్రులారా, మీ ఇండ్లలో పెద్దల మందుల చీటీ చదవగలిగినవారు బహుశా మీరొక్కరే. అర అని ఉన్నచోట అర అనే చదవండి, నిండు చేయకండి.