కొనేటాయన దగ్గర ఎంతుంది?

2010 నవంబరులో వెంకీస్ వాళ్ళు ఇంగ్లండ్‌లో బ్లాక్‌బర్న్ రోవర్స్ ఫుట్‌బాల్ జట్టును కొన్నారని తెలిసిన రోజు నేను బాన్సువాడలో మిఠాయిలు పంచడం ఒక్కటే తక్కువ. మా వైపు కోళ్ళ ఫారాలు పెట్టినవాళ్ళకు ఆ పేరు పరిచయం చెయ్యక్కర్లేదు. వెంకీస్ వెనకున్న వెంకటేశ్వర హేచరీస్‌ను 1971లో పెట్టిన బి.వి. రావు తెలుగాయన. పొద్దున లేస్తే గుడ్డు రేటు చెప్పే 'నెక్' కూడా ఆయన పూనుకుంటే పుట్టిందే. ఆ ఇంటివాళ్ళు 2 కోట్ల 30 లక్షల పౌండ్లు పోసి, 1995లో మాంచెస్టర్ యునైటెడ్‌ను వెనక్కి నెట్టి ఇంగ్లండ్ ఛాంపియన్ అయిన క్లబ్బును కొన్నారు. హోటల్ దగ్గర చాయ్ తాగుతూ ఎవరు కలిసినా నాది ఒకటే మాట: "మనోళ్ళు కొన్నరు. ఇగ చూడుర్రి."

బ్లాక్‌బర్న్ ఒకప్పటి బట్టల మిల్లుల ఊరు. డబ్బున్న యజమాని అక్కడివాళ్ళకు కొత్తేం కాదు. 1995 టైటిల్ వెనక ఉన్నది జాక్ వాకర్ అనే ఉక్కు వ్యాపారి డబ్బే. కాకపోతే ఆయన ఆ ఊళ్ళోనే పుట్టినవాడు, చిన్నప్పటి నుంచి ఆ జట్టు మనిషి. ఆయన పోయిన పదేళ్ళకు క్లబ్బు మనవాళ్ళ చేతికి వచ్చింది. డబ్బొస్తుంది కదా అనేవాళ్ళు అక్కడ కొందరు, వీళ్ళకు ఫుట్‌బాల్ ఏమన్నా తెలుసా అనేవాళ్ళు కొందరు. ఆ రెండోది నా చెవికి ప్రశ్నలా పడలేదు. తెల్లవాళ్ళ పొగరులా పడింది. "మనోడు సేటయితే వాళ్ళకు కడుపుమంట" అని తీర్పు చెప్పేశాను. మ్యాచ్ చూడ్డానికి టీవీ ముందు పోగయ్యే మా అరడజను మందిలో ఇంకోమాట మాట్లాడే ధైర్యం ఎవరికీ లేకుండా చేశాను.

నెల తిరక్కముందే మేనేజర్ శామ్ అలర్‌డైస్‌ను తీసేసి, మేనేజర్‌గా అనుభవం లేని స్టీవ్ కీన్‌కు జట్టును అప్పజెప్పారు. ఆటగాళ్ళు డ్రెస్సింగ్ రూములో కూర్చుని చికెన్ తింటున్నట్టు టీవీలో ప్రకటన వచ్చింది. 2012 మే నెలలో విగాన్ మీద ఓడి ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయిన రాత్రి, ఎవరో ఒక కోడికి క్లబ్బు జెండా చుట్టి మైదానంలోకి వదిలారు. ఆ వీడియో చూసి నేను పడీపడీ నవ్వాను, నలుగురికి చూపించాను కూడా. ఒక ఊరు తన బాధ చెప్పుకోవడానికి చివరికి కోడి తప్ప ఇంకేం మిగల్లేదని నాకు తట్టలేదు. 2017కల్లా ఆ జట్టు మూడో అంచెకు పడిపోయింది. యజమానులు పారిపోయారా అంటే లేదు, ఏటేటా నష్టాలు పూడుస్తూనే ఉన్నారు. అక్కడ కొరత డబ్బుది కాదన్నమాట. ఈ ముక్క అప్పుడే బుర్రకెక్కి ఉంటే తర్వాత చాలా మాటలు నా నోటి నుంచి వచ్చేవి కావు.

2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. పుట్టింది అని రాస్తున్నాను గానీ, ఖాళీ అయిన ఇంట్లోకి మనం దిగాం. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఐదు సీజన్లు ఆడిన ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే దాని చోటు హైదరాబాద్‌కు వచ్చింది. హృతిక్ రోషన్ సహయజమానిగా, పెద్ద వ్యాపార కుటుంబం అండగా మొదలైంది ఆ పుణె క్లబ్బు. ఆటకు పోయి గొంతు పోగొట్టుకునే 'ఆరెంజ్ ఆర్మీ' అనే అభిమానుల దండు వాళ్ళకుండేది. ఆ నెల చివర్లోనే ఢిల్లీ డైనమోస్ కూడా భువనేశ్వర్ చేరి ఒడిశా ఎఫ్‌సీ అయింది. మా పక్కూరి కుర్రాడొకడు పుణెలో ఉద్యోగం చేసేవాడు. "అన్నా, ఇక్కడ మస్తు బాధపడుతున్నరు" అని ఫోన్ చేస్తే, "చూసుకునుడు చేతగాకపోతే పోతది మరి" అన్నాను. ఆ మాట నాదే. ఇప్పుడు రాయడానికి కూడా బాగాలేదు.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. మా బడి గ్రౌండులో గోల్‌పోస్టులంటే వెదురు బొంగులే. గట్టిగా బాల్ తగిలితే ఒరుగుతాయి, వానాకాలం చెదలు. ఇనుప పైపులతో పోస్టులు వేయిద్దామని, వలలు కొందామని మా పీఈటీ సారు ముందుండి చందాలు పోగుచేయించారు. లెక్క నా దగ్గరుండేది. హైదరాబాద్ జట్టు తొలి హోమ్ మ్యాచ్ నవంబరు 2న, గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో, కేరళ బ్లాస్టర్స్‌తో. జెర్సీలు కొందాం, బండి మాట్లాడుకుని అందరం పోదాం అన్నాను. పోస్టులు వచ్చే ఏడు వేసుకోవచ్చు, తొలి మ్యాచ్ మళ్ళీ రాదు కదా అన్నాను. సారు ఒద్దన్నారు. కుర్రాళ్ళు నా వైపు తిరిగారు, తిరగకుండా ఉంటారా! ఆ రోజు 2-1తో గెలిచాం. మార్సెలిన్యో కొట్టిన గోల్‌కు నా గొంతు కూడా పోయింది. ఆ సీజన్‌లో జట్టు అట్టడుగున నిలిచింది. ఆపైన కరోనా వచ్చింది, చందాలిచ్చేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడయ్యారు. బొంగులు బొంగుల్లాగే ఉండిపోయాయి.

గొప్ప రోజులు లేవని కాదు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్. మళ్ళీ కేరళే. పసుపు రంగు మనకు దక్కడంతో పసుపంటే ప్రాణమిచ్చే వాళ్ళు నల్ల చొక్కాల్లో ఆడాల్సొచ్చింది. రాహుల్ గోల్‌తో వాళ్ళు ముందుకెళ్తే 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. మానొలో మార్కెజ్ శిక్షణలో మనవాళ్ళు ఛాంపియన్లు. బాన్సువాడలో అర్ధరాత్రి పటాకులు కాల్చింది మేమే. అయితే కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం, దాని ముందు సీజన్ మొత్తం గోవాలోనే జరిగాయి. హైదరాబాద్ పేరు పెట్టుకున్న జట్టు హైదరాబాద్‌లో ఒక్క ఆటైనా ఆడకుండా ఛాంపియన్ అయింది. పటాకుల పొగలో అది ఎవరికి కనిపిస్తుంది?

2023-24కు వచ్చేసరికి జీతాలు ఆగాయి. ఆటగాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. బకాయిల వల్ల కొత్తవాళ్ళను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. మిగిలిన కుర్రాళ్ళతో లాక్కొచ్చిన ఆ సీజన్‌లో గెలిచింది ఒక్కటంటే ఒక్క మ్యాచ్. ఆ దశలో, క్లబ్బును బీసీ జిందాల్ గ్రూపు తీసుకుంటోందని 2024లో వార్త వచ్చింది. మా వాట్సాప్ గ్రూపులో పండగ. జిందాల్ గ్రూపు ఆస్తి ఎంత, ఫ్యాక్టరీలెన్ని, ఏ ఆటగాడిని కొనొచ్చు అని లెక్కలేస్తూ కూర్చున్నాను. బ్లాక్‌బర్న్ గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. అది వేరే ముచ్చట అనుకున్నాను.

పీఈటీ సారు సాయంత్రం గ్రౌండులో కలిసినప్పుడు అడిగారు. "కొనేటాయన దగ్గర ఎంతుందో చెప్తున్నవు. మంచిదే. ఆయన కొంటున్నదేంది? స్టేడియం సర్కారుది. ఆటగాళ్ళు కాంట్రాక్టు ఉన్నన్ని రోజులే. పేరు మార్చుకోవచ్చు, ఊరు మార్చుకోవచ్చు. హైదరాబాద్‌ల్నే ఉండాలని కాగితం మీద ఏడన్న రాసుందా?"

"సారూ, మీకు పైసలున్నోడంటేనే పడది" అన్నాను, కుర్రాళ్ళు వింటుండగా. వాళ్ళు నవ్వారు.

ఆయన కోపం తెచ్చుకోలేదు. "బోధన్ ఫ్యాక్టరీ యాదికుందా?" అన్నారు. నిజాం చక్కెర ఫ్యాక్టరీ. 1937 నాటిది. ఈ ప్రాంతపు చెరకంతా దాని గేటు ముందు బండ్లు కట్టిన రోజులు మా ముందు తరం చూసింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయినప్పుడు కూడా ఇట్లాగే, కొత్తాయన దగ్గర డబ్బుంది, మిషన్లు బాగుచేస్తాడు, బకాయిలు తీరుస్తాడు అన్నారు. 2015 డిసెంబరులో మూతపడింది. మిల్లు ఆగిన తర్వాత చెరకు రైతు వరి వేసుకోగలడు, మరి అభిమాని ఏం వేసుకుంటాడని సారు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఫుట్‌బాల్‌ను చెరకుతో పోలుస్తారేంటని మాట మార్చేశాను.

సారుకు హైదరాబాద్ ఆట మీద ఇంకో లెక్క ఉండేది. వాళ్ళ నాన్న చెప్పగా విన్నది. కోచ్ రహీమ్ చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీమ్ శిక్షణలోనే మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ఆ జట్టులో ఆడాడు. ఇదంతా ఏ సేటూ కొనిపెట్టింది కాదు. బస్తీ గ్రౌండ్లలో కాళ్ళు అరిగేలా ఆడిన పిల్లల్ని ఒక బడి పంతులు ఏరి తీశాడు. రహీమ్ వృత్తి అదే. నేనీ కథను "పాత ముచ్చట్లు" అని కొట్టిపారేస్తుండేవాణ్ణి. పోనీ, పోలీసు జట్టు మాత్రం ఏమైంది, అదీ వెలిసిపోలేదా అని అడగొచ్చు. వెలిసింది. ప్రభుత్వం చేతిలో ఉంటే చాలు నిలుస్తుందనే భ్రమ కూడా నాకు లేదు.

2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి పోయింది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. 2019లో తన జట్టును పోగొట్టుకున్న ఢిల్లీకి మన జట్టు దక్కింది. కొన్నవాళ్ళు నియమం తప్పిందేం లేదు, లీగు ఒప్పుకున్న పనే. వాట్సాప్ గ్రూపులో బూతులు తిట్టినవాళ్ళలో నేను ముందున్నాను. రెండు రోజులయ్యాక సారు దారిలో కనపడి, "ఆ పుణె పిలగాని నంబర్ ఉందా నీ దగ్గర? ఓసారి ఫోన్ చెయ్యి" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు. నాకే నవ్వు రాలేదు. నంబరు వెతికాను, ఫోన్ కూడా చేశాను. అతనికి నేనన్న మాట గుర్తుంది.

అప్పట్నుంచి వేరే ఊళ్ళలో ఏం జరిగిందో చదవడం మొదలుపెట్టాను. 2020లో మోహన్ బగాన్ ఏటీకేతో కలిసినప్పుడు కోల్‌కతాలో అభిమానులు ఊరుకోలేదు. జట్టు పేరులో చేరిన ఆ మూడక్షరాలు తీసెయ్యమని మూడేళ్ళు పట్టుబట్టారు. 2023లో కప్పు గెలిచిన రాత్రే, పేరు మారుస్తున్నామని పెట్టుబడి పెట్టినాయన ప్రకటించాల్సి వచ్చింది. ఈస్ట్ బెంగాల్‌లో 2021లో పెట్టుబడిదారు ఒప్పందం మీద సభ్యులు రోడ్డెక్కారు. ఆ క్లబ్బులకు సభ్యులున్నారు, ఓట్లున్నాయి, శతాబ్దం నాటి పేరుంది. వేల్స్‌లో కార్డిఫ్ సిటీ యజమాని 2012లో నీలం చొక్కాలను ఎర్రవి చేస్తే, అభిమానుల ఒత్తిడికి 2015లో మళ్ళీ నీలానికి వచ్చాడు. జర్మనీలో చాలా క్లబ్బుల్లో సగానికి పైన ఒక ఓటు సభ్యులదే. ఇంగ్లండ్ 2025లో ఏకంగా చట్టమే చేసింది: క్లబ్బు పేరు, రంగులు, గుర్తు లాంటివి మార్చాలంటే అభిమానుల మాట వినాల్సిందే. మనకు మిగిలిందల్లా జెర్సీ. అది కూడా బొంగుల డబ్బుతో కొన్నది.

నేను ఇన్నేళ్ళు వాదించింది రెండు విషయాల మీదే: ఎంత డబ్బుంది, మనోడా కాదా. బ్లాక్‌బర్న్‌కు రెండోది చూశాను, హైదరాబాద్‌కు మొదటిది. పుణె విషయంలో అయితే అసలు ఎవరి గురించీ ఆలోచించలేదు, మనకు లాభమా కాదా అంతే.

మొన్న ఎండాకాలం టోర్నమెంటు ముందు మా కుర్రాళ్ళ జట్టుకు ఓ బేరం వచ్చింది. వెంచర్లు వేసే ఒకాయన జెర్సీలు, బూట్లు, ప్రైజ్ మనీ అన్నీ ఇస్తానన్నాడు. జట్టు పేరుకు ముందు తన వెంచర్ పేరు పెట్టాలి, ఫైనల్ ఆయన ప్లాట్ల దగ్గర చదును చేసిన జాగాలో ఆడాలి. గ్రౌండులో పెద్ద పంచాయితీ. సగం మంది ఎగిరి గంతేస్తున్నారు. ఒకడు నా మొహం చూసి, "అన్నా, నువ్వే కదా పైసలున్నోడు రావాలంటుంటివి" అన్నాడు. అన్నమాట నిజమే.

ఆయనతో మాట్లాడ్డానికి సారు నన్నే పంపారు, కావాలనే పంపినట్టున్నారు. పేరు చొక్కా వెనక వేయించుకోండి, జట్టు పేరు జోలికి రావొద్దన్నాను. ఫైనల్ బడి గ్రౌండులోనే ఆడతామన్నాను. బూట్ల కన్నా ముందు ఇనుప గోల్‌పోస్టులు పాతించాలి, అవి బడి పేరు మీద రాసివ్వాలి, వచ్చే ఏడు మీరున్నా లేకున్నా అవి అక్కడే ఉండాలన్నాను. "ఇంత చిన్న టీముకు ఇన్ని షరతులా తమ్మీ?" అని ఆయన విస్తుపోయాడు. ఆలోచించుకుని ఫోన్ చేస్తానన్నాడు. ఇప్పటిదాకా చెయ్యలేదు. జట్టులో నలుగురు నాతో మాట్లాడ్డం మానేశారు. చందా పుస్తకం మళ్ళీ తెరిచాం. ఈసారి లెక్క సారు దగ్గరే ఉంది.