చమురులో నీరు

అలంకారశాస్త్రం చెప్పవలసిన రోజున విద్యార్థులకు రెండు న్యాయాలు తప్పక చెబుతాము. నువ్వులు, బియ్యం కలిసినట్లు విడదీయ వీలైన కలయిక సంసృష్టి. పాలు, నీళ్లు కలిసినట్లు వేరు చేయరాని కలయిక సంకరం. మరి నూనె, నీరు ఏ న్యాయం కిందికి వస్తాయని ఇంతవరకు ఏ విద్యార్థీ మమ్ము అడగలేదు. అడిగి ఉంటే, అవి కలియనే కలియవు గదా అని తేలికగా తప్పించుకునేవారము. మా ఇంటి అంబాసిడర్ కారు ఆ అజ్ఞానాన్ని పోగొట్టింది.

అది నాగర్‌కర్నూలులో మా అబ్బాజాన్ కొన్న కారు. ఉత్తరపారా కర్మాగారంలో 2014లోనే వాటి తయారీ ఆగిపోయింది గనుక, ఉన్న ఇంజనును బాగుచేయించుకోవడమే గాని కొత్తదాని ఆశ లేదు. 1489 సి.సి. పెట్రోలు ఇంజను పొగ కక్కసాగినప్పుడు దానిని వనపర్తిలోని ఒక వృద్ధ మెకానిక్కుకు అప్పగించాము. అందరూ ఆయనను ఉస్తాద్ అనే పిలుస్తారు. సిలిండర్లు బోరింగు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి నెల రోజులకు బండి ఇచ్చాడు. కూలిలో సగం చెల్లించి, మిగిలిన సగం బండి నడక చూసి ఇస్తామన్నాము.

మా ఉద్యోగం గద్వాలలో. పెబ్బేరు, బీచుపల్లి వంతెన, ఎర్రవల్లి మీదుగా వారం దినాలు హాయిగా తిరిగాము. ఒక ఉదయం ఆయిలు మూత విప్పితే అడుగున మీగడ వంటి తెల్లని పదార్థం! గేజి కడ్డీకి అంటిన చమురు పాలెక్కువైన చాయ్ రంగులో ఉంది. రేడియేటరులో కూలెంటు దినానికి గ్లాసెడు తగ్గుతోంది. భాయీజాన్ ఫోనులోనే తీర్పు చెప్పారు: "గాస్కెట్ కూడా సరిగా వేయరానివాడికి ఇక పైసా ఇవ్వవద్దు!" మేమును ఔననే అన్నాము. ఆ మాట ఉస్తాద్ చెవిన పడకుండా ఉంటుందా?

ఆయన మాత్రం ఒక్కటే చెప్పి పంపాడు: బండి స్టార్టు చేయవద్దు. నీరు కలిసిన చమురు బేరింగులను కాపాడదట. జీపుకు కట్టి వనపర్తికి లాగించుకొని పోయాము.

"సాబ్, తెల్లగ కనవడంగనే గాస్కెట్ అనొద్దు. చలికాలంల దగ్గర దగ్గర తిరిగే బండ్లకు గూడ మూత కింద గిట్లనే అయితది. గని మీకు నీళ్లు తగ్గుతున్నయ్. గది వేరే," అన్నాడు.

అడుగు బోల్టు వదులు చేయగానే మొదట నీళ్లే వచ్చాయి, ఆ తరువాత చమురు. రాత్రంతా కదలక ఉన్నందున బరువైన నీరు కొంత అడుగుకు చేరింది. మిగిలినది క్రాంకు చిలికిన చిలుకుడుకు చమురుతో ఏకమై పోయింది. మా సంకరాలంకారానికి ఇంతకంటె ఉదాహరణ వేరే కావాలా?

అంతకుముందు నడిచినన్ని దినాలు సైలెన్సరు నుండి తెల్లని పొగ లేదు, రేడియేటరులో బుడగలు లేవు. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిస్తే ఇంచుమించు సమానమే. అయినా మా అనుమానం తీరుటకై హెడ్డు విప్పి, దాని మీద ఉక్కుపట్టీ నిలిపి, సందులో ఫీలర్ గేజి దూర్చి చూపాడు. ఎక్కడా వంపు లేదు. గాస్కెట్ మీద నీటి జాడ లేదు. కొత్త గాస్కెట్ వేసి, నడిమి నట్ల నుండి అంచులకు క్రమంగా బిగించాడు.

పిదప ఆయిల్ చాంబర్ దించి, రేడియేటరు మూతి వద్ద ట్యూబు వాల్వు అమర్చి సైకిలు పంపుతో గాలి కొట్టించాడు. పది పౌన్లు మించనీయలేదు. క్రాంకు తిప్పి రెండు, మూడు పిస్టన్లను పైకి లేపాడు. ఆ రెండూ జోడుగానే లేస్తాయి. మేము గుంతలోకి దిగి, అద్దం, టార్చి పట్టుకొని మెడలు పడిపోయేదాక చూశాము. మూడవ సిలిండరు గోడ మీద సూదిమొనంత చోట తడి మెరిసింది. మెల్లగా అది బిందువై జారింది. తుడిస్తే మళ్లీ వచ్చింది.

ఏండ్ల తరబడి మేము పోసిన సవుడు బోరు నీళ్లకు ఆ గోడ వెలుపలి వైపున తుప్పు తిన్నది. ఆపైన 60 సైజు పిస్టన్లకై, అనగా వ్యాసంలో అంగుళానికి వేయింట అరవై వంతులు పెరిగేలా, లోపలి వైపున కోయించాము. మిగిలినది రేకే. స్లీవులు వేయిద్దామని ఉస్తాద్ మొదటనే చెప్పాడు. ఖర్చు పెరుగుతుందని వద్దన్నది మేమే! ఆ సంగతి ఆయన గుంతలో ఉండగా ఎత్తలేదు. మాకే జ్ఞప్తికి వచ్చి పైకి రావడానికి కాళ్లాడలేదు.

నాలుగింటికీ స్లీవులు పడ్డాయి. వారంలోనే మసకబారిన బేరింగులు మళ్లీ మార్చవలసి వచ్చింది. 500 కిలోమీటర్లు తిరిగిన తరువాత ఉస్తాద్ గేజి కడ్డీ నుండి ఒక చుక్క వేడి రేకు మీద విదిల్చాడు. నీరుంటే చిటపటమంటుంది. చుక్క పొగ మాత్రం వదలి ఊరకుంది.

పాత బాకీ, కొత్త కూలి కలిపి భాయీజాన్ స్వయంగా తెచ్చి చేతిలో పెట్టి, "మాఫ్ కరో ఉస్తాద్" అన్నారు. ఆయన నోట్లు లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకొని రేడియేటరు మూత విప్పాడు.

"గిప్పుడు ఏం నీళ్లు వోస్తున్నరు సాబ్?"