ఇసుక నేలకు ఇరుగుపొరుగే కాపలా

ఆదివారం వచ్చిందంటే చాలు.. రామాపురం తీరం కళకళలాడిపోతుంది. చీరాల పక్కనే, వేటపాలెం మండలంలోని ఈ ఊరికి ఎక్కడెక్కడి నుంచో కార్లు బారులు తీరతాయి. వచ్చినవాళ్లు అలల్లో ఆడుకుని, చేపల వేపుడు రుచి చూసి, సాయంత్రానికి వెళ్లిపోతారు. బీచికి ఇవతల, సరుగుడు తోటల వెనక ఉన్న చేలను చూసేవాళ్లు తక్కువ.

ఈ తీరం వెంట అంతా ఇసుక నేలే. కురిసిన వాన లోపలికి ఇంకి, ఉప్పునీటి మీద పలుచని మంచినీటి పొరలా నిలుస్తుంది. ఇసుకలో గుంట తవ్వి ఆ నీళ్లు తోడుకోవడమే దొరువు సేద్యం. ఒకప్పుడు కడవలతో మోసి మొక్కమొక్కకూ పోసేవారు. తర్వాత మోటార్లు వచ్చాయి. వాటితోపాటే చేలో ట్రాన్స్‌ఫార్మరూ వచ్చింది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దొంగల కన్ను పడుతున్నది దీనిమీదే. కారణం.. లోపలుండే రాగి తీగ చుట్టలు. రాత్రివేళ స్విచ్ దించి, ట్రాన్స్‌ఫార్మర్‌ను కింద పడేస్తారు. ఆయిల్ నేలపాలు చేసి చుట్టలు లాక్కుపోతారు. తెల్లారేసరికి మిగిలేది ఖాళీ ఇనుప డొక్కు. అది 11 వేల వోల్టుల లైను. దొంగతనానికి వచ్చి షాక్ కొట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

దొంగకు దక్కేది కొన్ని కిలోల రాగి. రైతుకు మాత్రం కొత్తది బిగించేదాకా నీళ్లుండవు. ఇసుక నేల తడిని పట్టి ఉంచదు కాబట్టి పైరు త్వరగా వాడిపోతుంది. నిజాంపట్నం, రేపల్లె వైపు రొయ్యల చెరువులైతే మరీ కష్టం. ఏరియేటర్లు ఆగిపోయి, జనరేటర్ కూడా లేకపోతే, తెల్లవారుజామున ఆక్సిజన్ అందక రొయ్యలు తేలిపోతాయి.

అసలు చిక్కేమిటంటే.. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద నలుగురైదుగురు రైతుల మోటార్లుంటాయి. అది విద్యుత్ సంస్థ ఆస్తి. అందరికీ కావాలి, కాపలా మాత్రం ఎవరి వంతూ కాదు! రాత్రి కరెంటు రోజుల్లో రైతులు టార్చిలైటు పట్టుకుని, పాముల భయంతోనే చేలకు వెళ్లేవారు. పగటి కరెంటుతో ఆ కష్టం తప్పింది. కానీ రాత్రిళ్లు పొలంలో మనిషి అలికిడీ తగ్గింది.

ఆ లోటు తీర్చగలిగేది ఇరుగుపొరుగే. చాలా ఊళ్లలో రైతులు వంతులవారీగా కాపలా కాస్తున్నారు. వేళకాని వేళ కరెంటు పోతే ‘వస్తుందిలే’ అని పడుకోకుండా లైన్‌మన్‌కు ఫోన్ చేయాలి. అనుమానం వచ్చిన బండి నంబరు రాసుకోవాలి. అంతేగానీ కొత్తవాళ్లు కనిపించగానే చేయి చేసుకోకూడదు. 2018 మే నెలలో ‘పార్థీ గ్యాంగ్’ వచ్చిందన్న పుకార్లతో అమాయకుల్ని చితకబాదిన సంఘటనలు మరచిపోలేం. కాపలా అంటే కనిపెట్టి ఉండటం, 112కు కబురు చేయడం. శిక్ష సంగతి చట్టం చూసుకుంటుంది.

2003 విద్యుత్ చట్టం 136వ సెక్షన్ ప్రకారం లైన్లు, సామగ్రి ఎత్తుకుపోతే మూడేళ్ల వరకూ జైలు. మళ్లీ అదే పని చేస్తే ఆరు నెలలకు తక్కువ కాకుండా అయిదేళ్ల వరకూ! దొంగసొత్తని తెలిసీ కొన్నవాళ్లకూ శిక్ష తప్పదు. పాత ఇనుప సామాన్ల కొట్లలో కాల్చిన రాగి తీగను ‘ఎక్కడిది?’ అని అడిగితే సగం దొంగతనాలు అక్కడే ఆగిపోతాయి.

కలిసి నిలబడటం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1921లో మున్సిపాలిటీ పన్నులకు నిరసనగా చీరాల-పేరాల జనం ఇళ్లు వదిలి రామనగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య కూర్చిన రామదండు అప్పుడు వాళ్లకు అండగా నిలిచింది. ఊరంతటి కోసం అప్పుడంత పని చేసినచోట, నలుగురి ట్రాన్స్‌ఫార్మర్ కోసం వారానికో రాత్రి మేలుకోవడం పెద్ద కష్టమేమీ కాదు.