వేటపాలెపు పుస్తకశాల – ఇంటి విరామకాలము



యాత్ర యనగానే మనకు తిరుపతియో, శ్రీశైలమో, కాశియో స్ఫురించును. ఒక పాత పుస్తకములోని రెండు పంక్తులను చూచుటకై రైలెక్కిన స్త్రీని చూచి నలుగురును నవ్వుట వింత గాదు. అయినను గడచిన మాఘమాసమున నేను తెనాలినుండి వేటపాలెమునకు పోయివచ్చిన సంగతి మీతో చెప్పుకొనవలెనని తోచినది. కొలువు మాని యింట నున్న స్త్రీకి ఆ సంవత్సరములు లెక్కలోనివా, కావా యను ప్రశ్న నా మనస్సును చాలకాలముగా నలుపుచుండెను. ఆ ప్రయాణము దానికి కొంత సమాధానమును తెచ్చినది.

మా తాతగారు నాకు అమరకోశమును, చిన్నయసూరి బాలవ్యాకరణమును, భారతములోని కొన్ని పర్వములను ఇంటనే చెప్పిరి. ఆ చదువు పుణ్యమున మా ఊరి అచ్చుకూట మొకదానిలో ప్రూఫులు దిద్దు పని దొరకినది. ఐదేండ్లు చేసితిని. రెండవ కాన్పునాటికి అత్తగారికి చూపు మందగించినది. మావారు బడిపంతులు, ఉదయము పోయిన సాయంకాలమునకు గాని రారు. పని మానితిని. ఎవరును మానుమనలేదు, మానక తీరలేదు, అంతే.

పసివాడు నిద్రించు మధ్యాహ్నములయందు మావారి పాత కంప్యూటరు ముందు కూర్చుండుట అలవాటైనది. అప్పుడు తెలుగు వికీసోర్సు కంటబడినది. అది అంతర్జాలములోని పుస్తకశాల. రచయిత గతించిన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లు నిండినచో, ఆయన జీవితకాలమున అచ్చయిన గ్రంథములకు మన దేశపు చట్టము ననుసరించి ప్రచురణహక్కు తీఱిపోవును. అట్టి గ్రంథములను పుటపుటయు బొమ్మలుగా తీసి అచ్చట నుంతురు. తెఱపై ఒక ప్రక్కను పుట బొమ్మ. రెండవ ప్రక్కను యంత్రము ఆ బొమ్మను చూచి గుర్తుపట్టిన అక్షరములు. రెంటిని పోల్చి తప్పులు దిద్దుట మనుష్యుల పని. దిద్దవలసిన పుటకు ఎఱుపు గుర్తు. ఒకరు దిద్దినదానికి పసుపు. వేఱొకరు మఱల సరిచూచినదానికి ఆకుపచ్చ. ఇందులో ఎవరికిని జీతము లేదు.

యంత్రమునకు వేగము కలదు గాని వ్యాకరణము రాదు. పాత పుస్తకములలో అరసున్న ఊరక వేసినది కాదు. ‘ఏఁడు’ అన్న సంవత్సరము. ‘ఏడు’ అన్న సంఖ్య. ‘వాఁడు’ అన్న ఆ పురుషుడు. ‘వాడు’ అన్న పూవు వడలుట. కాగితముమీది చిన్న మచ్చను యంత్రము అరసున్న యనుకొనవచ్చును. అసలైన అరసున్నను మచ్చ యని విడువవచ్చును. తాతగారు వీధియరుగుమీద నాచేత వల్లె వేయించినది ఇన్నాళ్ళకు ఇట్లు అక్కఱకు వచ్చినది.

బొమ్మ ఉండగా మరల అక్షరములెందుకని మీరడుగవచ్చును. బొమ్మను ఫోను తప్పులు లేక చదివి వినిపించుట కష్టము. అందులో కావలసిన మాటను వెదకుటయు సులభము గాదు. అక్షరములుగా దిద్దినచో రెండును సులభములు. మా అత్తగారు ఒకప్పుడు దినమునకొక అధ్యాయము చదివినగాని భోజనమునకు కూర్చుండెడివారు కారు. ఆమెకు శుక్లములకు శస్త్రము చేయించితిమి గాని చూపు పూర్తిగా రాలేదు. నేను దిద్దిన పుటలను ఫోను చదువుచుండగా ఆమె మంచముమీద కూర్చుండి వినును. యంత్రము ఒత్తు తప్పి పలికినప్పుడు, “ఒసే అమ్మాయీ, నీ ఫోనుకు నాలుక తిరుగుట లేదే!” యని నవ్వును. ఆ నవ్వు నాకు కూలి.

ఇట్లుండగా గృహిణులకై వ్రాయబడిన యొక పాత గ్రంథమును దిద్దుచుంటిని. నేత చీరను తొలిసారి జాడించు విధమును చెప్పు పుటలో కాగితము మడతపడి రెండు పంక్తులు కానరాలేదు. ఉప్పు ఎంత, నీరెంత అనుసంగతి ఆ మడతలో దాగినది. ఊహించి వ్రాయుట ఆ పనికి నిషిద్ధము. వేటపాలెమున అడిగిచూడుమని మావారు చెప్పిరి.

తెనాలిలో రైలెక్కి నిడుబ్రోలు, బాపట్ల, చీరాల దాటినచో వేటపాలెము. ఇది 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోనిది. ఊరికి నేతయు, జీడిపప్పును పేరు తెచ్చినవి. ఇచ్చటి సారస్వత నికేతనము 1918లో స్థాపింపబడినది. 1929లో గాంధీ మహాత్ముడు ఈ గ్రంథాలయ భవనమునకు శంకుస్థాపన చేసెను. ఆయన చేతికఱ్ఱ ఒకటి నేటికిని ఇచ్చట భద్రముగా నున్నది. ఇంతకంటె గొప్పది పాత పత్రికల నిధి. నూఱేండ్లనాటి సంచికలకై దూరదేశములనుండియు పరిశోధకులు ఇచ్చటికి వచ్చుచుందురు. నేతగాండ్ర ఊరిలో ఇంతటి పుస్తకభాండారము వెలయుట నాకు ముచ్చట గొలిపినది.

పాత కాగితమునకొక గుణము కలదు. కొయ్యగుజ్జుతో చేసిన చవుక కాగితములో ఆమ్లము నిలిచి, కాలక్రమమున పసుపువన్నెకు తిరిగి, అప్పడమువలె పెళుసెక్కును. పుట త్రిప్పిన చేతికి పొడి అంటును. గ్రంథాలయమువారు నాకు కావలసిన పుస్తకమును వెదకి తెచ్చి బల్లమీద నుంచిరి. శ్వాస బిగబట్టి పుట తెఱచితిని. అచ్చట మడత లేదు. రెండు పంక్తులను నోటుపుస్తకమున వ్రాసికొంటిని. పావుకిలో జీడిపప్పు కొని సాయంకాలపు బండికి తిరిగితిని. ఆ రాత్రి పుట పసుపువన్నెకు మాఱినది. వారము తిరుగకముందే నేనెఱుగని మఱొకరెవరో దానిని ఆకుపచ్చగా చేసిరి.

మా ప్రాంతమునకిది కొత్త వ్రతము గాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు మా తెనాలి చెంతనే పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువమీద నడచు పడవలో గ్రంథాలయమును నెలకొల్పిరి. ప్రయాణికులు పడవ సాగునంతసేపు చదువుకొనెడివారు. ఆనాడు పడవ, ఈనాడు ఫోను. వాహనము మాఱినది గాని, పుస్తకమును మోసి అందించు చేయి లేక జ్ఞానము ఎవరి గుమ్మమునకును దానంతట రాదు. అరచేతిలో ఊరక దొరకునది అనుకొను ప్రతి పుట వెనుకను ఎవరిదో ఒకరి మధ్యాహ్నము కలదు.

1874లో పుట్టి 1905లో గతించిన భండారు అచ్చమాంబగారు బడికి పోయినది కాదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా ఇంటనే అక్షరములు నేర్చి, దేశమందలి ప్రసిద్ధ స్త్రీల చరిత్రలను కూర్చి అబలాసచ్చరిత్ర రత్నమాల వ్రాసినది. అట్టివారి వ్రాతలు పెళుసు కాగితముతో పొడియై పోకుండ నిలుపవలసిన భారము మనదికాక ఎవరిది?

పిల్లవాడు బడికి పోసాగిన పిమ్మట నేనొక అచ్చుకూటమున పని యడుగబోతిని. అచ్చటివారు నా దరఖాస్తు చూచి, “ఈ ఆఱేండ్లును ఖాళీగా నున్నారు గదా!” యనిరి. ఆ మాట ములుకువలె నాటినది. కాని వికీసోర్సులో ఎవరు ఏ దినమున ఏ పుట దిద్దిరో ఆ చిట్టా చెరగక నిలిచియుండును. దానిని వారి ముందుంచితిని. తిరుగవేసి చూచి, నాలుగు పుటల ప్రూఫు ఇచ్చి పరీక్షించి, సగము దినపు పని యిచ్చిరి. జీతము మునుపటికంటె తక్కువయే. అయినను ఆ ఆఱేండ్లలో నా చేతివ్రేళ్ళు మొద్దుబారలేదని వారికిని తెలిసినది, నాకును తెలిసినది.

ఒక్క మాట చెప్పవలెను. వేడుకకు చేయు పనిని జీతములేని చాకిరిగా మాఱనీయరాదు. స్త్రీ పని ఎట్లును ఉచితమే యని యింటను వెలుపలను అనుకొను అలవాటు పాతది. నేను దినమునకు రెండు పుటలకు మించి దిద్దను. పండుగనాడును, పిల్లవానికి జ్వరము వచ్చిననాడును దిద్దను. ఇట్లు హద్దు పెట్టుకొనుటచేతనే అది ఆఱేండ్లు సాగినది. ఫోను చేతబట్టిన గంటలన్నియు చదువు గావని మీకును తెలియును. హద్దు దానికిని కావలెను.

సంస్కృత ఛందస్సులో యతి యనగా పాదము నడుమ ఆగవలసిన చోటు. అచ్చట ఆగినందున పద్యము తెగిపోదు. ఊపిరి తీసికొని ముందునకు నడచును. మీలో ఎందఱో కాన్పులకో, పెద్దల సేవకో, బదిలీలకో కొలువు మానియుందురు. మీకు వచ్చిన విద్య ఏదైనను, కుట్టుపని గాని, లెక్కలు గాని, పాట గాని, దినమునకు ఒక గడియ దానికి కేటాయింపుడు. చేసినదానిని తేదీతో వ్రాసియుంచుడు. అడిగినవారికి చూపుటకది సాక్ష్యము. ఎవరును అడుగకున్నను మీకది ధైర్యము.