జరీ కనిపించాల

ధర్మవరంలో మా మేనమామకు రెండు మగ్గాలున్నాయి. కొడుకు చీరలమ్మడానికి వెబ్‌సైట్ పెట్టి, మగ్గం ఆడుతున్న వీడియో ఎక్కించాడు. కొందరికి బాగానే కనబడింది. కొందరికి మగ్గం చప్పుడు వినబడుతోంది గానీ బొమ్మ నల్లగా ఉంది. "బుక్కపట్నంలో మన పెండ్లి వీడియో తీసినాయప్ప ఉండాడు గదా, పోయి చూపించుకోని రా" అన్నాడు మామ. అట్లా నన్ను పంపించాడు.

కొత్తచెరువు దాటి బుక్కపట్నంలో దిగాను. చెరువు చూద్దామనుకున్నవాణ్ణి, ఆ అంగట్లోనే సాయంత్రమైంది.

నేను పోయేసరికి ఆయన చేతిలో వీహెచ్ఎస్ క్యాసెట్. పక్కనున్న చిన్న మీటను గోటితో నొక్కి మూత లేపాడు. టేపు మీద బూజు, గోడకు ఉప్పు పేరినట్టు. చక్రాన్ని వేలితో రవ్వంత తిప్పడం, మెత్తటి గుడ్డతో అద్దడం, మళ్ళీ తిప్పడం. ఎదురుగా ఒక పెద్దావిడ. "నా కొడుకు సెల్లులో చూస్తాడంట. టేపు నాకొద్దు, నువ్వే పారేయి నాయనా."

"పారేసేకి నా దగ్గర చోటు లేదు పెద్దమ్మా. నీ బీరువాలోనే పెట్టుకో" అన్నాడు తలెత్తకుండా.

ఆ విసురు ఎందుకో తర్వాత తెలిసింది. వీసీడీల కాలంలో జనం టేపులన్నీ వాటిలోకి ఎక్కించి, అసలువి పారేశారు. వీసీడీ బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 ఎత్తు. ఇప్పుడు పిల్లలొచ్చి "క్లియర్‌గా చేసియ్యన్నా" అంటే ఎక్కణ్ణుంచి తెస్తాడు? టేపున్నా పని తేలిక కాదు. ఒక్కో ఫ్రేమూ రెండు సగాలుగా ఉంటుంది. సరిగా కలపకపోతే తలంబ్రాలు పోసే చేతులకు దువ్వెన పళ్ళు మొలుస్తాయి. మూడు గంటల టేపు ఎక్కడానికి మూడు గంటలూ పడుతుంది. వీసీఆర్ చెడితే కొత్తది దొరకదు, 2016తో తయారీయే ఆగిపోయింది.

మా వీడియో తెరిచి, "ఐఫోనా?" అన్నాడు. ఔనన్నాను. "హెచ్ఈవీసీలో తీసిండాది. ఫైలు చిన్నగా వస్తాది గానీ అన్ని బ్రౌజర్లూ తెరవవు. ఎంపీ4 అనేది డబ్బాప్పా. లోపల బెల్లముందో ఉప్పుందో డబ్బా చెప్పదు." 2003 నాటి హెచ్.264లోకి మారిస్తే దాదాపు అన్నిచోట్లా ఆడుతుందట. ఏవీ1 లాంటి కొత్తవి ఇంకా తేలిక, కానీ పాత ఫోన్లు మోయలేవు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాధనంతో మార్చాడు. ఫైలు చివర్న ఉండే సూచికను ముందుకు తెచ్చాడు. లేకుంటే కొన్నిచోట్ల ఫైలంతా దిగేదాకా బొమ్మే రాదట.

మొదటి ఫైలు బాగా చిన్నది. నాకు చాలనిపించింది. ఆయన అంచు దగ్గర ఆపి వేలు పెట్టాడు. జరీ గళ్ళు గళ్ళుగా చెదిరిపోయి, పసుపు పూసినట్టుంది. "చీర కొనేటోళ్ళు చూసేది అంచునే గదా? సన్నటిది, మెరిసేది, పైగా కదిలేది. దీనికి బిట్‌రేటు కావాల, అంటే సెకనుకు ఇంకా ఎక్కువ డేటా." 4కేని 1080కి దించాడు, నాలుగు నిమిషాలను నలభై సెకన్లకు కోశాడు, మిగిలినదంతా జరీకి ఖర్చుపెట్టాడు. "ఈసారి స్టాండు మీద తీయమను. చెయ్యి వణికితే ప్రతి చుక్కా మారుతాది, ఆ కదలికకే సగం పోతాది."

చీరను వెలుతురుకు పట్టి పోగు పోగూ చూసే ఊళ్ళు మావి. అదే చీర కట్టుకున్న అమ్మ వీడియోను మాత్రం వాట్సాప్‌లో పంపించి, అది నలిపి ఇచ్చిందాన్నే దాచుకుంటాం. నిమ్మలకుంట తోలుబొమ్మలాటను ఎవరైనా టేపు మీద తీసి ఉంటే అదెవరి అటక మీదుందో! దాన్ని తుడిచే చెయ్యి మండలానికి ఒక్కటి కూడా ఉండదేమోనని నా అనుమానం. ఉన్న ఈ ఒక్కాయనకూ గుమ్మం ముందు బోర్డు మీద రాసింది "పాస్‌పోర్ట్ ఫోటోలు, జిరాక్స్".

పెన్‌డ్రైవ్‌లో రెండు ఫైళ్ళు వేసిచ్చాడు, సైటుకు చిన్నదీ, నేను తెచ్చిన అసలుదీ. ఒక్కదానికే డబ్బు తీసుకున్నాడు. బస్సెక్కాక మామ కొడుకు ఫోను.

"అయిందా బావా? ఫోన్లో చోటు లేక నా కాడుండే పెద్ద ఫైలు డిలీట్ చేసేసినా."

చొక్కా జేబు తడుముకున్నాను.