అమానత్

మా ఇండ్లలో మనోవ్యథ తన పేరుతో రాదు. నిద్ర పట్టదనీ, గుండె దడయనీ చెప్పుకుంటారు. ప్రాణం దైవమిచ్చిన అమానత్ అని నమ్మిన ఇంట చావు తలంపును వెల్లడించడం మరీ కష్టం. దానిని మొదట పసిగట్టగలవాడు ఇంటిల్లిపాదినీ ఎరిగిన కుటుంబ వైద్యుడే. “చనిపోవాలనిపిస్తున్నదా?” అని సూటిగా అడిగినందువల్ల ఆ తలంపు పుట్టదు, మనసు బరువు కొంత దిగుతుంది. స్వీడన్‌లోని గోట్లాండ్ ద్వీపంలో 1983-84లో వైద్యులకు కుంగుబాటును గుర్తించే శిక్షణ ఇవ్వగా ఆత్మహత్యలు తగ్గాయి; శిక్షణ ప్రభావం సన్నగిల్లిన పిదప మళ్ళీ పెరిగాయి. కనుక ఈ శ్రద్ధ సడలరాదు. మందుచీటీతో పని ముగియదు. ఇంట ఉన్న పురుగుమందును దూరం చేయించడం, మానసిక వైద్యునికి చూపించడం, వారం తిరగకముందే మళ్ళీ పిలిచి పలకరించడం కూడా వైద్యమే. వేళకాని వేళ 2022లో మొదలైన టెలిమానస్ 14416 ఉన్నది. అమానత్‌ను కాపాడడం మోసేవాని ఒక్కని పని కాదు.