పాత చక్రములు, ముందు వేసిన లెక్క

అమ్మువాడు చెప్పు మొదటి అంకెకును, ఆ వస్తువు మన కారుకు అమరి రోడ్డుమీద నిర్భయముగా తిరుగునప్పటికి మన చేతినుండి జారిపోయిన మొత్తమునకును నడుమనుండు అంతరము, వస్తువు పాతదగుకొలది పెరుగుచుండును. పాత ఇల్లు కొనునప్పుడు మరమ్మతుల ఖర్చును ముందుగా అంచనా వేసికొనుట ఎరిగిన మనవారే, వాహనపు విడిభాగముల దగ్గరకు వచ్చునప్పటికి ఆ తొలి అంకెను చూచి మురిసి, తక్కినవానిని వేర్వేరు నెలలలో వేర్వేరు దుకాణములలో చెల్లించుటచేత వాని కూడికను ఎన్నడును కన్నులజూడరు. ఒకరు వాడి విడిచిన అల్లాయ్ చక్రములను నా స్పోర్ట్స్ కారుకు కొని, బాగుచేయించి, బిగించుకొన్న వ్యవహారమును లెక్కలతోసహా వ్రాయుటకు నేను సాహసించుట, ఆ కూడికను కొనకముందే కాగితముమీద వేసికొంటిని గనుక.

ఇంగ్లండులోని కోవెంట్రీలో ఉద్యోగము చేసికొనుచున్న నాకు 1993వ సంవత్సరపు మజ్దా ఎం.ఎక్స్.-5 ఒకటి యున్నది. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనమున తొలుత లోకమునకు చూపబడిన తరమునకు చెందినది; రెండే సీట్లు, వెనుకకు మడిచివేయదగిన గుడ్డ టాపు, 1.6 లీటర్ల ఇంజను, వెనుక చక్రములను త్రిప్పు పొందిక. ఇద్దరు పిల్లలు గల సంసారికి రెండు సీట్ల కారెందుకురా యని మా నాయనగారు గుంటూరునుండి ఫోనులో అడిగినప్పుడు, పాతది గనుక చౌకగా వచ్చినదని చెప్పితిని. ఆయన మరల ప్రశ్నింపలేదు, నమ్మినట్లును తోచలేదు.

దీనితో వచ్చినవి పదునాలుగంగుళముల చక్రములు, 185/60 కొలతగల టైర్లు. మంచి పట్టుగల టైర్లు ఈ కొలతలో నానాటికి అరుదగుచున్నవి. పదునైదంగుళముల 195/50 కొలతలోనైతే ఎంపికకు కొదువ లేదు. నా టైర్ల గాళ్లు అరిగి, చట్టము విధించిన 1.6 మిల్లీమీటర్ల లోతునకు చేరువైనవి; ఆ హద్దు దాటిన ఒక్కొక్క టైరుకును 2,500 పౌండ్లదాక జరిమానాయు, లైసెన్సుపై మూడు పాయింట్లును పడగల దేశమిది గనుక, వాయిదాకు తావు లేదు. చక్రముల పూతయు పెచ్చులూడుచుండెను. కాబట్టి టైర్లు కొనుట, చక్రములకు పూత వేయించుట అను రెండు ఖర్చులును ఎట్లయినను తప్పనివే; ఆ రెండింటిని ఉన్న చక్రములపై పెట్టుటయా, కొత్త చక్రములు తెచ్చుటయా, వాడినవి తెచ్చుటయా యన్నదే ప్రశ్న.

ఒక రాత్రి పిల్లలు నిద్రించిన పిదప లెక్కకు కూర్చుంటిని. ఉన్న చక్రములనే బాగుచేయించినచో చక్రమునకు అరువది చొప్పున 240 పౌండ్లు, టైరుకు అరువదియైదు చొప్పున 260, వెరసి 500. కొత్తవి కొన్నచో చక్రములకు 460, పరాయి తయారీవి గనుక నడిమి రంధ్రములో ఇముడు ఉంగరములకును, వానికి తగిన నట్లకును 40, టైర్లకు 260, ఇన్సూరెన్సు కంపెనీవారు మార్పును నమోదుచేసి అదనముగ కోరు 20, వెరసి 780. వాడినవాని జత నాలుగింటికి నార్తాంప్టన్ వైపున ఒక పెద్దమనిషి అడిగినది 200. చదువరులలో పలువురు ఇచ్చటనే ఆగి, నాలుగువందల అరువదియెక్కడ, రెండువందలెక్కడ యని బండి తీయుదురు. కాని ఆ రెండువందలకు పోయివచ్చు పెట్రోలు 25, పూత 240, టైర్లు 260, ఇన్సూరెన్సు 20 చేర్చి, ఏ చక్రమో వంగి యుండునను అనుమానమునకు 40 కేటాయింపగా 785 అయినది! సగము కంటె తక్కువకు వచ్చుచున్నట్లు కనబడిన పాత సరకు, రోడ్డెక్కునప్పటికి కొత్తదానికంటె ఐదు పౌండ్లు ఎక్కువ. కనుక బేరము చేసి తగ్గించినగాని ఈ వ్యాపారమునకు అర్థము లేదని నాకు ఇంటిదగ్గరనే తెలిసినది. బేరమునకు పోవువానికి ఇంతకంటె గొప్ప బలము వేరొకటి లేదు.

మరి కొత్తవే ఎందుకు కొనరాదు? ఆ ధరకు దొరకునవి ప్రసిద్ధ నమూనాలకు అనుకరణములు. నార్తాంప్టన్‌లోనివో, ఇదే కారు యొక్క రెండవ తరమునకు, అనగా 1998 మొదలు 2005 వరకు తయారైనదానికి, సాక్షాత్తు తయారీదారు ఇచ్చినవి. ఆ రెండు తరములకును నాలుగు బోల్టులు నూరు మిల్లీమీటర్ల వృత్తముపై నుండును, నడిమి రంధ్రము 54.1 మిల్లీమీటర్లు, నట్లు సైతము అవియే. ఉంగరములు వలదు, కొత్త నట్లు వలదు. మూడవ తరమునకు ఐదు బోల్టులు, 114.3 మిల్లీమీటర్ల వృత్తము; పేరొక్కటే యని దానివి కొనితెచ్చినవాడు వానిని తోటలో పూలకుండీల క్రింద పెట్టుకొనవలసినదే. ఇక వ్యాసమందురా, పాత కొలతలో టైరుతో కూడ చక్రపు ఎత్తు 577.6 మిల్లీమీటర్లు, కొత్త కొలతలో 576. స్పీడు చూపు ముల్లు అబద్ధమాడునంతటి తేడా కాదు. బరువు మాత్రము పెరిగినది. విమానమెక్కునప్పుడు పచ్చళ్ల పెట్టెలు తూచుకొను స్ప్రింగు త్రాసుకు పాత చక్రమును తగిలించి చూడగా ఐదున్నర కిలోలు తూగినది, పిదప వచ్చినది దానికంటె సుమారు కిలో ఎక్కువ. చక్రము పెద్దదైనచో బండి చురుకగునను నమ్మకము గలవారు ఈ సంగతి గమనింతురు గాక.

అమ్మునాయన మర్యాదస్తుడు. టైర్ల గాళ్లు ఇంకను నిండుగా నున్నవనియు, వానికే వంద పౌండ్లు చేయుననియు చెప్పెను. టైరు ప్రక్కగోడపై తయారీ తేదీని తెలుపు నాలుగంకెలు అచ్చు వేయబడి యుండును; మొదటి రెండును వారమును, తక్కిన రెండును సంవత్సరమును చెప్పును. అచ్చట 1109 అని యున్నది, అనగా 2009వ సంవత్సరమున పదునొకండవ వారము. గాడి ఎంత లోతున్నను అంత వయసు వచ్చిన రబ్బరు గట్టిపడి, తడి రోడ్డుమీద పట్టు విడుచును. వానికి నా లెక్కలో సున్నయే యని సవినయముగా మనవి చేసితిని. తరువాత ఒక్కొక్క చక్రమును వాకిట నేలమీద దొర్లించి చూడగా, ఒకదాని లోపలి అంచు గుంతలో పడి వంగినట్లు కనబడెను. నా కాగితమును దాచక ఆయనకు చూపి, నూట నలుబదికి మించినచో కొత్తవి కొనుటయే నాకు మేలగుననగా, ఆయన కొంతసేపు ఆలోచించి, నవ్వి, ఒప్పుకొనెను.

బాగుచేయించుటలో డబ్బు పోవుటకు మార్గములు పెక్కు గలవు గనుక ఇచ్చట కొంచెము నిదానింతును. ఈ దేశమున శీతకాలమునందు మంచు గడ్డకట్టకుండుటకై రోడ్లపై రాతి ఉప్పు చల్లుదురు. కాలిబాట రాతికి ఒరసికొని చక్రపు లక్క పూత చిట్లినచోట ఆ ఉప్పునీరు దూరి, పూత క్రిందనే ప్రాకి, తెల్లని పురుగులవంటి చారలను పుట్టించును. దానిపై రంగు పూసినంతమాత్రమున అది చావదు; పాత పూతనంతయు రసాయనముతో ఊడ్చి, లోహము బయటపడునట్లు శుభ్రముచేసి, పిమ్మట పౌడర్ కోటింగు వేసి కొలిమిలో కాల్చవలెను. చౌకగా చేయుదుమనువారు పైపైని గీకి పూత వేయుదురు; అది ఒక్క శీతకాలము నిలిచిన గొప్ప.

అంతకంటె ముఖ్యమైనది ఖర్చుల వరుస. పూత వేయించిన పిదప చక్రము వంకరయనియో, పగిలినదనియో తెలిసినచో, ఆ చక్రముపై పెట్టిన అరువది పౌండ్లు గంగపాలు. పైగా కొత్త పూత సన్నని బీటలను కప్పిపుచ్చును. అందుచేత మొదట టైర్లు విప్పించి, నాలుగింటిని బ్యాలెన్సింగు యంత్రముపై త్రిప్పించి, పూత ఊడ్చిన తరువాత లోపలి గోడలను ఎర్రని రంగుద్రవముతో పరీక్ష చేయించితిని. బీట యున్నచో ఆ ఎరుపు దానిలోనికి ఇంకి, పైని తెల్లని పొడి చల్లగానే రేఖగా బయటపడును. బీటలు లేవు, వంగిన అంచును 40 పౌండ్లకు సరిచేసిరి. వంపు సరిచేయుటకు నేనొప్పుకొందునుగాని, పగిలిన చక్రమును వెల్డింగు చేసి అమర్చుటకు ఎంత చౌకగా చేసినను ఒప్పుకొనను.

పనివారు డైమండ్ కట్ చేయుదుమని చాల చెప్పిరి. లేతుయంత్రముపై చక్రపు ముఖమును తరిగి అద్దమువలె మెరయించు పద్ధతి యది; చక్రమునకు 95 పౌండ్లు. చూచుటకు సొగసే, కాని తరిగినప్పుడెల్ల లోహము తరుగును, పైనుండు పలుచని లక్క పూత చిట్లినచో తెల్ల చారలు మరల మొదలు. పైని చూపుకు 140 పౌండ్లు అదనముగా పోసి, ఆయుర్దాయమును తగ్గించుకొనుట నాకు రుచింపలేదు. సాదా వెండిరంగు చాలుననుకొంటిని. రెండు ప్రశ్నలు మాత్రము వారినడిగితిని. మొదటిది, కొలిమి వేడి ఎంతయని. పోత చక్రములకు వాడు అల్యూమినియములో నూటికి ఏడు పాళ్ల వరకు సిలికానును, మిక్కిలి స్వల్పముగ మెగ్నీషియమును కలిపి, పోతపోసిన తరువాత వేడిమితో దృఢపరుతురు. రెండువందల డిగ్రీలను మించి చిరకాలము కాల్చినచో ఆ దార్ఢ్యము సడలును. వారు 180 డిగ్రీలలో కాల్తుమనిరి. రెండవది, నట్లు కూర్చుండు శంఖాకారపు గుంటలను, హబ్బుకు ఆనుకొను వెనుక తలమును పూత తగులకుండ మూయుదురా యని. ఆ గుంటలలో పూత యున్నచో నట్టు బిగింపునకు అది నలిగి, కొన్నాళ్లకు నట్టు వదులగును.

బిగింపు సంగతి క్లుప్తము. హబ్బు తుప్పును తీగె బ్రష్షుతో గీకి, నట్లను ఎదురెదురు వరుసలో చేతితో త్రిప్పి, పిమ్మట టార్క్ రెంచితో 110 న్యూటన్ మీటర్లకు బిగించితిని. తయారీదారు చెప్పినది 88 మొదలు 118 వరకు. ఏబది మైళ్లు తిరిగినమీదట మరల సరిచూచితిని. ఇన్సూరెన్సువారికి ముందే ఫోను చేసి చెప్పితిని. కంపెనీవారు అడిగినదానికి నిజము చెప్పుటలో తగిన శ్రద్ధ వహింపవలెనని 2012 నాటి చట్టము వినియోగదారునిపై బాధ్యత పెట్టినది. ఇరువది పౌండ్లకు కక్కుర్తిపడి క్లెయిము పోగొట్టుకొనువారు మనవారిలో లేకపోలేదు.

మొత్తము 725 పౌండ్లైనది. ఇన్నేళ్లుగా ఇక్కడ నున్నను, పెద్ద ఖర్చు వచ్చినప్పుడెల్ల నా మనస్సు దానిని రూపాయలలోనికి మార్చక మానదు. డెబ్బదివేలను మించును, ఆ అంకెను మా నాయనగారికి చెప్పలేదు. అయితే న్యాయముగా లెక్కించినచో నా కోరిక ఖరీదు 725 కాదు. పాత చక్రములను బాగుచేయించినను 500 తప్పదు గదా. కనుక కోరిక ఖరీదు 225, అంతకు రెట్టింపైనచో మానియుందును. ఈ సొమ్మును కారుకొరకై నెలకు 40 పౌండ్ల చొప్పున వేరుగా వేసియుంచు ఖాతానుండి తీసితిని. వడ్డీలేని మూడు వాయిదాలలో చెల్లింపవచ్చునని టైర్ల దుకాణమువారు అనిరి; మిగిలిన రెండు వాయిదాలు జ్ఞాపకముంచుకొను శ్రమ నాకెందుకని ఒక్కసారే ఇచ్చివేసితిని.

పదునాలుగంగుళముల పాత చక్రములకు 150 పౌండ్లిత్తునని ఒకరు వచ్చిరి, అమ్మలేదు. ముప్పదియేండ్ల వయసు మీరిన కారును కొనువాడు, దానితో ఫ్యాక్టరీనుండి వచ్చిన చక్రములున్నవా యని తప్పక అడుగును, లేకున్న ధర తెగగోయును. తొలితరపు కారును కలిగియున్నవారు తమ మూల చక్రములను, అవి ఎంత పెచ్చులూడియున్నను, ఎవ్వరికిని అమ్మవలదు.